పది యూరోల్లో ఆస్ట్రియా వైట్ వైన్: ఏ సందర్భానికి ఏ సీసా?

వియన్నాలో ఓ మోస్తరు సూపర్‌మార్కెట్‌లో వైన్ అరల ముందు నిలబడితే, ఐదు యూరోల నుంచి పది పన్నెండు యూరోల మధ్య ధర పలికే వైట్ వైన్ సీసాలు వరుసగా కనిపిస్తాయి, వాటిలో చాలావాటి మీద ఒకే ద్రాక్ష పేరు ఉంటుంది. ధరను బట్టి ఎంచుకుందామంటే ఒక సీసాకూ పక్క సీసాకూ తేడా యాభై సెంట్లకు మించదు. లేబుల్ మీది బొమ్మను నమ్ముకుంటే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. ఇలాంటి చోట నేను సీసాను వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో అచ్చయి ఉండే ఆల్కహాలు శాతాన్ని ముందుగా చదువుతాను. 11.5కూ 12.5కూ మధ్య ఏదైనా ఉంటే బుట్టలో వేసుకునే ఆలోచన చేస్తాను. అదే ధరకు 13.5 అని ఉంటే మారు మాట లేకుండా అరలోనే ఉంచేస్తాను.

దీనికి కారణం ఉంది. పదమూడు శాతం దాటిన వైట్ వైన్ బాగుండాలంటే తీగకు కాపు తక్కువగా ఉంచాలి, పళ్లను చాలా కాలం తీగ మీదే ఉంచి చేత్తో ఏరి కోయాలి, ఆ తరువాత తొట్టిలో తీరిగ్గా నిలవ ఉంచాలి; ఇవన్నీ కూలీతోనూ కాలంతోనూ కూడిన పనులు కనుక ఎనిమిది యూరోలకు దొరికే పని కాదు. తక్కువ ఖర్చుతో ఆ బరువు తెచ్చిన వైన్‌లో ఆల్కహాలు వేడి మాత్రం మిగిలి పులుపు మొద్దుబారుతుంది. ముందుగా కోసి, చల్లగా పులియబెట్టి, వసంతకాలానికల్లా సీసాలకు ఎత్తే తేలికపాటి వైన్‌కు ఆ ఖర్చులు ఉండవు, ఆస్ట్రియా రైతులకు అందులో తరాల అనుభవం ఉంది. కాబట్టి ఈ ధరలో ఎంపిక అంటే తేలికపాటి వాటిలో ఏది అనే ప్రశ్నే తప్ప, తేలికా బరువా అనే ప్రశ్న కాదని నా అభిప్రాయం. ఇక్కడ పోల్చబోయేవి ముఖ్యంగా నాలుగు: వైన్‌ఫిర్టెల్ ప్రాంతపు గ్రూనర్ వెల్ట్‌లీనర్, వాఖౌ ప్రాంతపు ఫేడర్‌ష్పీల్, వియన్నా నగరపు గెమిష్టర్ జాట్స్, దక్షిణాన ష్టైయర్‌మార్క్ వెల్ష్‌రీస్లింగ్.

మిరియపు ఘాటు ఉన్న ద్రాక్ష

ఆస్ట్రియాలో ద్రాక్ష తోటలు సుమారు 44 వేల హెక్టార్లు ఉంటే అందులో దాదాపు మూడో వంతు గ్రూనర్ వెల్ట్‌లీనర్ ఒక్కటే ఆక్రమించింది. దీని తల్లిదండ్రుల్లో ఒకటి ట్రామినర్ అనీ, రెండోది బుర్గెన్‌లాండ్‌లోని సాంక్ట్ గియోర్గెన్ అనే ఊళ్లో దాదాపు అంతరించిపోయే దశలో దొరికిన ఒక పాత తీగ అనీ జన్యు పరీక్షల్లో తేలింది. ఇంత విస్తారంగా వ్యాపించడం మాత్రం పాత సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత లెంజ్ మోజర్ అనే తోటదారు తీగలను ఎత్తుగా, వరుసల మధ్య ట్రాక్టర్ నడిచేంత ఎడంగా పెంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పద్ధతికి బాగా ఒదిగిన రకాల్లో గ్రూనర్ ఒకటి కావడంతో దేశమంతటా దాన్నే నాటారు. ఇవాళ మంచి గ్రూనర్ చవగ్గా దొరకడానికి ఆ ఎడం వరుసలూ ఆ ట్రాక్టర్లే చాలావరకు కారణం.

గ్లాసులో దాని స్వభావం ఎలా ఉంటుందో ఒకసారి నిదానంగా చూడాలి. ఫ్రిజ్‌లోంచి తీసి ఒక పావుగంట బల్ల మీద ఉంచిన సీసా మూత తిప్పి పోస్తే, తెల్లటి నేపథ్యంలో లేత పసుపు రంగుకు అంచుల్లో కాస్త పచ్చ ఛాయ కనిపిస్తుంది; ఆ ఏటి కొత్త వైన్ అయితే గ్లాసు గోడకు సూదిమొనంత బుడగలు కొన్ని అంటుకుని ఉంటాయి, నాలుక మీద అవి చిన్నగా చిటపటలాడతాయి. ముక్కుకు మొదట నిమ్మతొక్క, కోసిన పచ్చి ఆపిల్ తగులుతాయి. కొద్దిగా తిప్పి మళ్లీ వాసన చూస్తే వాటి వెనక నుంచి పచ్చి ముల్లంగి ముక్క వాసన, ఇంకా వెనక నుంచి నానబెట్టిన పెసరపప్పు వాసన వస్తాయి. జర్మన్‌లో రాసేవాళ్లు ఈ చివరిదానికి రకరకాల కూరగాయల పేర్లు చెబుతారు గానీ, పెసరట్టుకు పప్పు నానబోసే ఇంట్లో పుట్టినవారికి అది ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మింగిన తరువాత గొంతు దగ్గర ఒక సన్నని ఘాటు నిలుస్తుంది. ఆస్ట్రియన్లు దాన్ని ముద్దుగా ప్ఫెఫర్ల్ అంటారు, అంటే చిట్టి మిరియం.

ఆ మిరియం కవిత్వం కాదు. మిరియాల వాసనకు మూలమైన రోటుండోన్ అనే పదార్థమే గ్రూనర్ పండు తొక్కలోనూ ఉంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో మిరియాల్లోనూ షిరాజ్ ద్రాక్షలోనూ దీన్ని గుర్తించినప్పుడు, పరీక్షలో పాల్గొన్నవారిలో ఐదో వంతు మందికి ఆ వాసన బొత్తిగా తెలియలేదు. అందుచేత పక్కవాళ్లంతా మిరియం మిరియం అంటుంటే మీకు ఏమీ తగలకపోయినా నొచ్చుకోనక్కరలేదు. మీ ముక్కు ఆ ఐదో వంతుకు చెంది ఉండవచ్చు, అప్పుడు మీకు గ్రూనర్ కన్నా వెల్ష్‌రీస్లింగో, గులాబీ వాసన ఉండే మస్కటెల్లర్ అనే ద్రాక్షో ఎక్కువ నచ్చవచ్చు.

వైన్‌ఫిర్టెల్ ఒక వైపు, వాఖౌ ఒక వైపు

వియన్నాకు ఉత్తరాన చెక్ సరిహద్దు దాకా పరుచుకున్న మెట్టల ప్రాంతం వైన్‌ఫిర్టెల్. దేశంలో అన్నిటికన్నా పెద్ద వైన్ ప్రాంతం ఇదే, అక్కడి తోటల్లో దాదాపు సగం గ్రూనర్. ఒకప్పుడు ఇక్కడి వైన్ పీపాల్లో పెద్ద కంపెనీలకు పోయేది, ఊరి పేరు ఎవరికీ తెలిసేది కాదు. 2002 కోత నుంచి ఆ పరిస్థితి మారింది, ఆస్ట్రియాలో డి.ఏ.సి. అనే ప్రాంతీయ ముద్ర మొట్టమొదట ఈ ప్రాంతానికే దక్కింది. వైన్‌ఫిర్టెల్ డి.ఏ.సి. అని ముందు లేబుల్ మీద ఉంటే, లోపల ఉన్నది గ్రూనర్ మాత్రమే అనీ, తీపి లేని డ్రై వైన్ అనీ, కనీసం 12 శాతం ఆల్కహాలు ఉందనీ, కొత్త చెక్క పీపాల వాసన అంటలేదనీ అర్థం. ప్రభుత్వ పరీక్షలో రుచి చూసే బృందం, ఇది ఆ ప్రాంతపు మిరియపు స్వభావానికి సరిపోయిందా లేదా అని కూడా చూస్తుంది. చవక వైన్ కొనేవాడికి ఇంతకన్నా స్పష్టమైన హామీ నాకు తెలిసి మరొకటి లేదు. పక్కనే రిజర్వ్ అన్న మాట ఉంటే అది కనీసం 13 శాతం ఉండే వేరే తరగతి, ఈ వ్యాసానికి సంబంధించినది కాదు.

వాఖౌ కథ వేరు. మెల్క్‌కూ క్రెమ్స్‌కూ మధ్య డాన్యూబ్ నది ఇరుకైన లోయలో వంపులు తిరుగుతుంది. రెండు వైపులా కొండ వాలు మీద సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, ఆ గోడల మధ్య మెట్లు మెట్లుగా తోటలు. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ లోయ మెట్ల మీద యంత్రం తిరగదు. ఏ పనైనా చేత్తోనే. ఇక్కడి రైతుల సంఘమైన వినియా వాఖౌ 1983లో ఏర్పడి, తమ డ్రై వైన్లను ఆల్కహాలును బట్టి మూడు పేర్లతో విభజించింది. 11.5 శాతం లోపువి ష్టైన్‌ఫేడర్, 11.5 నుంచి 12.5 దాకా ఫేడర్‌ష్పీల్, 12.5కు పైబడినవి స్మరాగ్ద్. మొదటిది ఆ వాలుల్లో పెరిగే ఈకలాంటి గడ్డి పేరు. రెండోది వేటకు పంపిన డేగను తిరిగి చేతి మీదికి పిలిచే ఎర పేరు. మూడోది ఎండలో రాళ్ల మీద పడుకునే పచ్చ బల్లి పేరు. అంకెలు గుర్తుంచుకోవడం కన్నా ఈ మూడు పేర్లు గుర్తుంచుకోవడం తేలిక.

పది యూరోల దగ్గర ఈ రెండు ప్రాంతాలను పక్కపక్కన పెడితే ఏది మేలు? వైన్‌ఫిర్టెల్‌లో రైతు ఇంటి దగ్గర కొంటే సుమారు ఏడెనిమిది యూరోలకే ఆ రైతు చేసిన మేలురకపు మామూలు వైన్ దొరుకుతుంది. వాఖౌలో అదే డబ్బుకు దొరికేది ఆ లోయ ధరల పట్టికలో అట్టడుగు మెట్టు. చెప్పుకోదగ్గ ఫేడర్‌ష్పీల్ కావాలంటే పది పదిహేను యూరోలు పెట్టాలి. ఆ అదనపు సొమ్ము ఎక్కడికి పోతుందంటే గోడలు కట్టే కూలీకీ కోత కూలీకీ, కొంత ఊరి పేరుకూ పోతుంది. రుచిలో తేడా నిజమే: వాఖౌ రాతి నేల వైన్‌లో మిరియం కన్నా నిమ్మ, తెల్ల పీచ్, తడిసిన రాయి లాంటి వాసన ముందుకు వస్తాయి, నడక సన్నగా సూటిగా ఉంటుంది, వైన్‌ఫిర్టెల్‌లో మిరియమూ పచ్చి కూరగాయల వాసనా ముందుంటాయి, మాట కాస్త మొరటు. రోజువారీ భోజనానికి నేను వైన్‌ఫిర్టెల్ వైపే మొగ్గుతాను. ఒక్క సీసా తెరిచి నలుగురు మాట్లాడుకుంటూ తాగే సాయంత్రమైతే ఇంకో నాలుగు యూరోలు కలిపి ఫేడర్‌ష్పీల్ తీసుకోవడం డబ్బు దండగ కాదు. ఆ మధ్యే మార్గం కావలసినవారు డ్యూర్న్‌ష్టైన్‌లోని డొమేనె వాఖౌ అనే రైతుల సహకార సంఘం ఫేడర్‌ష్పీల్ చూడవచ్చు. సుమారు 400 హెక్టార్ల తోటల పంట అక్కడికి చేరుతుంది కనుక నాణ్యతా ధరా రెండూ నిలకడగా ఉంటాయి. ష్టైన్‌ఫేడర్ కంటపడితే మాత్రం ఆలోచించకుండా కొనండి. ఎండలు పెరిగి పళ్లలో చక్కెర త్వరగా పెరిగిపోతున్న ఈ రోజుల్లో దాన్ని చేసేవాళ్లు తగ్గిపోతున్నారు.

ఈ రెండింటి మధ్యా క్రెమ్స్‌టాల్, కాంప్‌టాల్, ట్రైజెన్‌టాల్, వాగ్రమ్ ప్రాంతాలు ఉన్నాయి. వాగ్రమ్‌లో గాలి మోసుకొచ్చి పేర్చిన లెస్ అనే మెత్తటి పసుపు మన్ను గోడలా నిలబడి ఉంటుంది; ఆ మన్ను మీది గ్రూనర్ కాస్త గుండ్రంగా, పులుపు తగ్గి ఉంటుంది. పులుపు అంటే పళ్లు జివ్వుమనేవారికి మొదటి సీసాగా దాన్నే ఇవ్వాలి. మిగిలిన వాటి విషయంలో ఆల్కహాలు అంకె చూసుకుంటే చాలు.

ట్రామ్ చివరి స్టాప్ దగ్గరి వైన్

రాజధాని నగరం పొలిమేరల్లో ఆరు వందల హెక్టార్లకు అటూ ఇటూగా ద్రాక్ష తోటలు ఉండడం, అందులోంచి తీసిన వైన్‌ను పేరున్న ప్రాంతీయ వైన్‌గా అమ్మడం యూరప్‌లో అరుదు. వియన్నా షాటెన్‌రింగ్ దగ్గర 31వ నంబరు ట్రామ్ ఎక్కితే డాన్యూబ్ దాటి చివరి స్టాప్ ష్టామర్స్‌డోర్ఫ్‌లో దింపుతుంది. అక్కడ వాకిటి మీద పైన్ కొమ్మ కట్టిన ఇల్లు కనిపిస్తే ఆ రోజు వైన్ పోస్తున్నారని అర్థం. తోట ఉన్నవాడు తన వైన్‌ను తన ఇంటి దగ్గర అమ్ముకోవచ్చని 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన ఉత్తర్వుతో మొదలైన ఈ ఇళ్లను హొయ్‌రిగర్ అంటారు. కొత్త వైన్‌కు కూడా అదే పేరు. లోపల చెక్క బల్లల మీద ఆహ్‌టెల్ అంటే 125 మిల్లీలీటర్లు, ఫిర్టెల్ అంటే పావు లీటరు లెక్కన పోస్తారు. ఆస్ట్రియాలో వాహనం నడిపేవారి రక్తంలో ఆల్కహాలు 0.5 పర్‌మిల్‌కు, అంటే వెయ్యిలో అర వంతుకు, మించకూడదు కనుక ట్రామ్‌లో వెళ్లమని చెప్పడం మర్యాద కోసం కాదు.

అక్కడ మొదటి గ్లాసుగా అడగవలసినది గెమిష్టర్ జాట్స్. ఇది రకరకాల వైన్లను తొట్టిలో కలిపిన మిశ్రమం కాదు. ఒకే తోటలో కలిపి నాటిన రకాలను ఒకే రోజు కోసి, ఒకటిగా పిండి, ఒకటిగా పులియబెట్టినది. వర్షం ఒక రకాన్ని దెబ్బ తీసినా మరొకటి నిలబడుతుందన్న పాత రైతు జాగ్రత్తలోంచి పుట్టిన పద్ధతి ఇది. నవధాన్యాలు కలిపి చల్లే మెట్ట రైతులకు ఇందులో వింతేమీ కనిపించదు. 2013 నుంచి వియన్నాలో దీనికి డి.ఏ.సి. నియమాలు ఉన్నాయి: కనీసం మూడు రకాలు ఉండాలి, ఏ ఒక్కటీ సగానికి మించకూడదు, మూడో స్థానంలో ఉన్నది పదో వంతుకు తగ్గకూడదు. కొన్ని రకాలు ముందే పండి చక్కెర నిండి ఉంటాయి, కొన్ని ఇంకా పులుపుగా ఉంటాయి. రెండూ ఒకే గ్లాసులో కలిసి ఉండడమే దీని అందం. వాసనలో దేన్నీ వేలు పెట్టి చూపలేం. ఒక్క రకాన్ని గుర్తుపట్టి పేరు చెప్పడంలో సరదా ఉన్నవారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చు. ఏ వంటకం వడ్డిస్తారో తెలియని విందుకు ఒక్క సీసా పట్టుకుపోవలసి వస్తే దీనికి సాటి వచ్చేది లేదు. దుకాణంలో ధర సుమారు తొమ్మిది నుంచి పదమూడు యూరోలు.

దక్షిణపు పులుపు

స్లోవేనియా సరిహద్దులో ఉన్న ష్టైయర్‌మార్క్ కొండలు వానలు ఎక్కువగా పడే, నిటారైన ప్రాంతం. అక్కడి రోజువారీ వైన్ వెల్ష్‌రీస్లింగ్. పేరులో రీస్లింగ్ ఉన్నా ప్రసిద్ధమైన రీస్లింగ్‌తో దీనికి చుట్టరికం లేదు. క్రొయేషియాలో గ్రాషెవినా అని పిలిచేది ఇదే. పచ్చి ఆపిల్, నిమ్మ, కోసిన గడ్డి, అంతే. ఆల్కహాలు తరచు 11.5 దగ్గర ఆగుతుంది. పులుపు కత్తిలా ఉంటుంది. వైన్ గురించి పెద్దగా రాసేవారు దీన్ని ఒక వాక్యంలో దాటిపోతారు. ఆరేడు యూరోలకు దొరికే వాటిలో ఇంత నిజాయితీగా ఉండేది తక్కువని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఇది మరొకటిగా కనిపించాలని ప్రయత్నించదు. మండు వేసవి మధ్యాహ్నం, వేపుడు ముక్కల పక్కన, దీన్ని మించినది వెతకనక్కరలేదు.

అదే ప్రాంతం సావిన్యో బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షకు పేరు పొందింది. పచ్చి క్యాప్సికం, గూస్‌బెర్రీ వాసనలని పుస్తకాల్లో చదివి కొందరు తెలుగులో ఉసిరికాయ అని రాస్తుంటారు. యూరప్ గూస్‌బెర్రీకీ మన ఉసిరికాయకూ సంబంధం లేదు, గ్లాసులో ఉసిరి వగరు వెతికితే దొరకదు. జ్యూడ్‌ష్టైయర్‌మార్క్ డి.ఏ.సి. సావిన్యో మంచిదే గానీ పన్నెండు యూరోలకు పైమాటే, ఈ లెక్కలో ఇమడదు. గెల్బర్ మస్కటెల్లర్ మాత్రం పది యూరోల దరిదాపుల్లో ఉంటుంది. ముక్కుకు గులాబీ, తాజా ద్రాక్ష పండు తగులుతాయి, నాలుకకు తీపి తగలదు. తీపి ఆశించి తాగినవారు ముఖం చిట్లిస్తారు కనుక ముందే చెప్పి ఇవ్వాలి. పులుపు అసలు పడనివారికి వైస్‌బుర్గుండర్, అంటే పినో బ్లాంక్ ద్రాక్ష వైన్, ఉంది. రీస్లింగ్ ఈ ధరలో వద్దు.

లేబుల్‌లో చదవవలసినవి

1985లో కొందరు వ్యాపారులు చవక వైన్‌ను తియ్యగా, చిక్కగా కనిపించేలా చేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనాన్ని కలిపినట్టు బయటపడింది. ఆస్ట్రియా వైన్ ఎగుమతులు ఒక్కసారిగా కుప్పకూలాయి, అదే ఏడాది కఠినమైన కొత్త వైన్ చట్టం వచ్చింది. దాని ఫలితం ఇవాళ మీ చేతిలోని సీసా మూత మీద కనిపిస్తుంది: ఎరుపు, తెలుపు, ఎరుపు చారలున్న గుర్తు. ఆ గుర్తూ, లేబుల్ మీద ప్రభుత్వ పరీక్షా సంఖ్యా ఉంటే ఆ వైన్ ప్రయోగశాల పరీక్షనూ రుచి పరీక్షనూ దాటి క్వాలిటేట్స్‌వైన్, అంటే నాణ్యమైన వైన్ అనే తరగతి పొందినదని అర్థం. చవక సీసా విషయంలో ఈ గుర్తుకు ఖరీదైన సీసా మీదకన్నా ఎక్కువ విలువ ఉంది.

తరువాత చూడవలసినది కోత సంవత్సరం. ఈ తరహా వైన్ల తాజాదనం రెండేళ్లకు మించి నిలవదు. తగ్గింపు ధరలో మూడేళ్లు దాటిన వైన్‌ఫిర్టెల్ కనిపిస్తే అది లాభం కాదు. ట్రోకెన్ అంటే డ్రై. లీటరుకు 9 గ్రాముల దాకా చక్కెర ఉన్నా, దానికి తగ్గ పులుపు ఉంటే చట్టం దాన్ని ట్రోకెన్ అనే అంటుంది. రీడ్ అన్న మాట ఒక ప్రత్యేకమైన తోట పేరుకు ముందు వస్తుంది. అది ఉన్నంత మాత్రాన తేలికపాటి వైన్‌కు అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. తిప్పే మూతను చూసి చిన్నచూపు చూడవద్దు. తాజాగా తాగవలసిన వైన్‌కు బెరడు బిరడా కన్నా అదే మంచిదని ఆస్ట్రియా రైతులు ఎప్పుడో తేల్చుకున్నారు, ఎంతో పేరున్నవారి సీసాలకూ అదే మూత ఉంటుంది.

సోడా మూతలాంటి మూతతో లీటరు సీసాల్లో వచ్చే గ్రూనర్ కూడా ఉంది. డోప్లర్ అనే రెండు లీటర్ల సీసా దీనికి అన్న. వీటిలో బాగుండేవీ ఉన్నాయి, పులిసిన నీళ్లలా ఉండేవీ ఉన్నాయి; రైతు పేరు, ఊరు స్పష్టంగా ఉన్నది కొనడం, కేవలం నింపిన కంపెనీ పేరు ఉన్నది వదిలేయడం నా పద్ధతి. నచ్చకపోతే గెష్ప్రిట్స్‌టర్ చేసుకోవచ్చు, అంటే సగం వైన్, సగం సోడా. వియన్నా వేసవిలో ఇది నామోషీ పని కాదు, మంచి వైన్‌తో కూడా చేసుకుంటారు. వెల్ష్‌రీస్లింగ్ దీనికి అన్నిటికన్నా నప్పుతుంది. గెమిష్టర్ జాట్స్‌లో సోడా పోయడం మాత్రం నాకు మనసొప్పదు.

ఇంట్లో పోల్చి చూడడం, పళ్లెంలో ఏముందో చూడడం

నలుగురు కలిసి ముప్ఫై యూరోల లోపు ఈ పోలిక స్వయంగా చేసి చూడవచ్చు. ఒక వెల్ష్‌రీస్లింగ్, ఒక వైన్‌ఫిర్టెల్ డి.ఏ.సి., ఒక గెమిష్టర్ జాట్స్, మూడూ ఒకే కోత సంవత్సరానివి తెచ్చి సీసాలకు వార్తాపత్రిక చుట్టి, తేలికపాటి దాని నుంచి మొదలుపెట్టాలి. చల్లదనం ఎనిమిది నుంచి పది డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే పోస్తే వాసన మూసుకుపోయి మూడూ ఒకేలా ఉంటాయి, గది వేడికి వస్తే మూడింటిలోనూ ఆల్కహాలే కనిపిస్తుంది. తిండి లేకుండా ఒకసారి, తిండితో ఒకసారి రుచి చూడాలి. ఈ రెండోసారికే చాలామంది అభిప్రాయం మార్చుకుంటారు.

ఆస్ట్రియా పళ్లెంలో జోడీలు తరాలుగా స్థిరపడ్డాయి. ష్నిట్జెల్ (రొట్టెపొడి అద్ది వేయించిన పలుచటి మాంసపు ముక్క), దాని పక్కన పుల్లటి బంగాళాదుంప సలాడ్‌కు గ్రూనర్. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే మార్ఖ్‌ఫెల్డ్ తెల్ల ఆస్పరాగస్‌కు కూడా గ్రూనరే, ఎందుకంటే చాలా వైన్లను చెడగొట్టే ఆ కూర వాసన దీని ముల్లంగి వాసనతో సర్దుకుంటుంది. హొయ్‌రిగర్‌లో రొట్టె మీద రాసే లిప్టౌవర్ అనే మిరపపొడి జున్నుకు గెమిష్టర్ జాట్స్.

తెలుగు వంట చేసుకునే ఇంట్లో లెక్క కొంచెం మారుతుంది. కారం తిన్న నోటికి ఆల్కహాలు మంటను పెంచుతుంది. ఒకసారి కోడి వేపుడుకు గొప్పగా ఉంటుందని నేను 14 శాతం రిజర్వ్ సీసా తెరిస్తే, రెండో ముద్దకే బల్ల చుట్టూ అందరూ మంచినీళ్లు అడిగారు. ఆ తరువాత తెరిచిన 11.5 శాతం వెల్ష్‌రీస్లింగే భోజనాన్ని గట్టెక్కించింది. పులుపు విషయంలో ఇంకో సంగతి ఉంది: తినేదాని కన్నా తాగేది పుల్లగా ఉండాలి, లేకపోతే వైన్ నీళ్లలా చప్పబడుతుంది. గోంగూర ముందు గ్రూనర్ నిలవలేదు, వెల్ష్‌రీస్లింగ్ నిలిచింది. నిమ్మకాయ పులిహోరకు రెండూ సరే. అల్లం పచ్చడి లేకుండా పెసరట్టూ వైన్‌ఫిర్టెల్ గ్రూనరూ కలిస్తే, ఆ పప్పు వాసన రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకున్నట్టు ఉంటుంది. మిరియాలు దంచి వేసిన చేపల వేపుడుకు కూడా దాన్నే తీస్తాను. కొబ్బరి పాలు పోసిన కూరలకు గుండ్రంగా ఉండే వాగ్రమ్ గ్రూనర్ మేలు. ఆవకాయతో ఏ వైన్ వద్దు.

ఇండియాలో ఈ సీసాలు అరుదుగా, సుంకాలతో రెట్టింపు దాటిన ధరకు దొరుకుతాయి కనుక అక్కడ కొనేవారికి ఈ ధరల లెక్కలు పనికిరావు. వియన్నా నుంచి ఇంటికి వెళ్లేవారు పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తీసుకుపోవచ్చు. మామూలు సీసా ముప్పావు లీటరు కాబట్టి రెండు సీసాలు పట్టి అర లీటరు హక్కు వృథా అవుతుంది, లీటరు సీసాలైతే రెండూ సరిగ్గా సరిపోతాయి. అలా పట్టుకెళ్లదలిస్తే వైన్‌ఫిర్టెల్ రైతు లీటరు సీసా ఎంచుకోండి, మూత గట్టిది, గ్లాసు మందంగా ఉంటుంది. చేరాక రెండు రోజులు ఫ్రిజ్‌లో పడుకోబెట్టకుండా నిలబెట్టి, ఆ తరువాతే తెరవండి. సోడా మూత ఒకసారి తీశాక తిరిగి పట్టదు కనుక మిగిలింది తిప్పే మూత ఉన్న ఖాళీ సీసాలోకి అంచుదాకా పోసి ఉంచితే మూడు రోజుల దాకా బాగుంటుంది. నాలుగో రోజు కూడా ఏమైనా మిగిలితే సోడా కలపండి.